చిన్న రంధ్రం, పలుచని గోడ: అల్ట్రాసోనిక్ తొట్టిలో సున్నితమైన జాబ్‌లు కడిగే పద్ధతి

సీఎన్‌సీ, అంటే కంప్యూటరు నడిపే కోత యంత్రం, మీది నుంచి అప్పుడే దిగిన స్టెయిన్‌లెస్ నాజిల్ పైకి తళతళలాడుతూనే ఉంటుంది. సంగతంతా దాని మూతిలో ఉన్న 0.4 మిల్లీమీటర్ల రంధ్రంలో ఉంది. లోపల కోతప్పుడు వేడి తగ్గించడానికి పోసే కూలెంట్ జిడ్డు, ఆ జిడ్డుకు అంటుకున్న లోహపు రజను, డ్రిల్ బయటికొచ్చిన అంచున వెంట్రుకంత బర్, అంటే తెగకుండా మిగిలిన లోహపు ముక్క. బ్రష్ అక్కడికి పోదు, గుడ్డ పోదు. గాలి కొడితే రజను లోపలి మెట్టు దగ్గర ఇంకాస్త బిగుసుకుంటుంది. ఇలాంటి చోట్ల కోసమే అల్ట్రాసోనిక్ తొట్టి.

బాలానగర్, చర్లపల్లి, జీడిమెట్ల షెడ్లలో ఉండే 3 నుంచి 10 లీటర్ల బల్లమీది తొట్టిని దృష్టిలో పెట్టుకుని రాసింది ఇది. కడగాల్సిన భాగాన్ని జాబ్ అంటాం. ఉదాహరణకు ఆ నాజిల్‌నే చివరిదాకా పట్టుకుందాం: ఎస్‌ఎస్ 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు, ఒక కొస 0.4 రంధ్రం, రెండో కొస ఎం5 మర. అల్యూమినియం, ఇత్తడి, పీసీబీలకు (ఎలక్ట్రానిక్ సర్క్యూట్ బోర్డులకు) ఎక్కడ దారి మారుతుందో అక్కడ చెబుతాం.

తొట్టిలో జరిగేదేమిటి

తొట్టి అడుగున బయటివైపు కరెంటును కంపనంగా మార్చే పీజోఎలక్ట్రిక్ ట్రాన్స్‌డ్యూసర్లు ఎపాక్సీ జిగురుతో అంటించి ఉంటాయి. అవి సెకనుకు 40 వేలసార్లు అడుగు రేకును కొట్టుకుంటూ ఉంటే నీటిలో పీడనం అంతే వేగంగా పెరిగి తగ్గుతుంది. తగ్గినప్పుడు నీళ్ళలో సూక్ష్మమైన బుడగలు పుడతాయి, పెరిగినప్పుడు అవి లోపలికి కూలిపోతాయి. కూలే క్షణంలో బుడగ లోపల వేడి కొన్ని వేల డిగ్రీలకు పోతుంది. పక్కన గట్టి తలం ఉంటే బుడగ ఆ వైపుకే సన్నని నీటి చురకను విసురుతుంది. మురికిని లేపేది ఆ చురకే. ఓడ ప్రొపెల్లర్ల రెక్కలను గుంటలు గుంటలుగా తినేసేదీ ఇదే. కూలే బుడగలో పీడనం ఎంతకు పోతుందో లార్డ్ రేలీ 1917లోనే లెక్క కట్టాడు.

కంచు రెక్కను తినగలిగినది మీ పాలిష్ చేసిన అల్యూమినియం ముఖాన్ని వదిలిపెడుతుందనుకోవద్దు. ఈ పనిలో ఎక్కువ నష్టాలు మురికి పోక జరిగేవి కావు, "ఇంకో పది నిమిషాలు ఉంచుదాం" అనుకోవడం వల్ల జరిగేవి. ఇంకోటి: బుడగ మురికిని లేపుతుంది, అంతే. దాన్ని కరిగించేది కెమికల్, పట్టుకుని ఉంచేది కెమికల్, దూరంగా తీసుకుపోయేది కడుగు నీళ్ళు. నీళ్ళు బాగోకపోతే ఎంత ఖరీదైన యంత్రమైనా జిడ్డును ఒక జాబ్ మీది నుంచి ఇంకో జాబ్ మీదికి మార్చి ఊరుకుంటుంది.

దించకూడనివి

పని మొదలుపెట్టే ముందు డ్రాయింగ్ చూడండి. ఈ కిందివి కనబడితే ఆగండి.

అతికించిన జాయింట్లు, పొరలు పొరలుగా ఉన్న ప్లేటింగ్, పెయింటు. నికెల్ ప్లేటింగ్ బాగా పట్టి ఉంటే ఏమీ కాదు. అంచున ఎక్కడైనా లేచి ఉంటే మాత్రం తొట్టి ఆ లేచిన చోటునే పట్టుకుని ఊడగొడుతుంది. నియోడైమియం మాగ్నెట్ల పూత ఇలాగే పోతుంది. సీల్డ్ బేరింగ్ లోపలికి నీళ్ళు చేరితే గ్రీజు పోయి తుప్పు మిగులుతుంది. కోటింగ్ ఉన్న లెన్సులకు ఆ కోటింగ్ తయారీదారు ఒప్పుకుంటేనే తొట్టి.

పీసీబీల సంగతి వేరు. గడియారపు క్రిస్టల్ 32.768 కిలోహెర్ట్జ్‌కి కంపించే చిన్న శృతి దండం. 40 కిలోహెర్ట్జ్ తొట్టి దానికి మరీ దగ్గరి బంధువు, లోపలి పలుచని కాళ్ళు విరిగే ప్రమాదం ఉంది. మెమ్స్ (సూక్ష్మమైన కదిలే భాగాలుండే చిప్) మైక్రోఫోన్లు, గైరో సెన్సర్లు, తెరిచి ఉన్న రిలేలు, లోపల ఖాళీ ఉండి సన్న తీగలతో బాండ్ చేసిన ప్యాకేజీలు కూడా ఇదే జాబితా. అవి ఉన్న బోర్డుకు అల్ట్రాసోనిక్ వద్దు, బ్రష్‌తోనే కానివ్వండి.

నగల దుకాణాల్లోనూ ఇవే తొట్లు కనిపిస్తాయి కాబట్టి ఒక మాట: ముత్యాలు, ఓపల్, పచ్చ తొట్టిలో వేయకూడదు. పత్తర్‌గట్టిలో కొన్న ముత్యాల దండ మీద మెరుపు అంటే ముత్యం పైపొరే. కెమికల్, వేడి, కంపనం కలిస్తే అదే ముందు పోతుంది, దారం సంగతి తర్వాత.

ఏ ఫ్రీక్వెన్సీ, ఎంత పవర్

ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ బుడగ చిన్నదవుతుంది, దెబ్బ మెత్తబడుతుంది, బుడగల సంఖ్య పెరుగుతుంది. 25 కిలోహెర్ట్జ్‌కి బుడగ వ్యాసం దాదాపు పావు మిల్లీమీటరు. ఇంజన్ బ్లాకు, ఫోర్జింగ్ లాంటి మొరటు పనికి అది చాలు. 40 కిలోహెర్ట్జ్‌కి సుమారు 0.16 మి.మీ. బజారులో దొరికే బల్లమీది తొట్లలో ఎక్కువ ఇవే, మన నాజిల్‌కీ ఇదే. 80 నుంచి 132 కిలోహెర్ట్జ్ మధ్య బుడగ 0.08 నుంచి 0.05 మి.మీ.కి దిగుతుంది. అద్దంలా పాలిష్ చేసిన తలాలకు, పలుచని గోడలున్న అల్యూమినియానికి ఇవి మేలు. మెగాహెర్ట్జ్ దరిదాపుల్లో పనిచేసే తొట్లు సిలికాన్ వేఫర్ల కోసం, వాటితో మనకు పని లేదు.

కొనేటప్పుడు వాట్లకన్నా ముందు రెండు విషయాలు అడగండి. స్వీప్ ఉందా, అంటే ఫ్రీక్వెన్సీ కొద్దిగా పైకీ కిందికీ ఊగుతుందా? ఊగకపోతే తరంగం తొట్టిలో ఒకచోట నిలబడిపోతుంది. అప్పుడు జాబ్ మీద ఒక చార శుభ్రం, ఒక చార మురికి. పలుచని జాబ్ సొంత కంపనం ఆ స్థిర ఫ్రీక్వెన్సీకి కలిసొస్తే పగిలిపోవచ్చు కూడా. రెండోది, పవర్ తగ్గించుకునే వీలుందా? సున్నితమైన పనికి 100 శాతం పవర్ అరుదుగా కావాలి.

3 లీటర్లకు 120 వాట్లు, 6 లీటర్లకు 180 వాట్లు అని రాసి ఉండటం మామూలు. రాసినంతా నీటిలోకి వస్తోందా లేదా అన్నది థర్మామీటరుతో తేల్చుకోవచ్చు. హీటరు ఆపేసి, 3 లీటర్ల మామూలు నీళ్ళు పోసి, మూత వేసి, 10 నిమిషాలు అల్ట్రాసోనిక్ మాత్రమే నడపండి. నీళ్ళు 5 డిగ్రీలు పెరిగితే సుమారు 105 వాట్లు నీటిలోకి చేరాయని లెక్క: 3 కిలోలు × 4186 × 5, దాన్ని 600 సెకన్లతో భాగించాలి. రెండు డిగ్రీలే పెరిగితే సగం పవర్ కూడా రావడం లేదు. కొన్న రోజే ఈ లెక్క కట్టి తొట్టి వెనకాల రాసిపెట్టుకుంటే రెండేళ్ళ తర్వాత పోల్చుకోవడానికి పనికొస్తుంది.

నీళ్ళు, కెమికల్

కృష్ణా, మంజీరా నీళ్ళు వచ్చే పేటలో ఒక తీరు, బోరు మీద నడిచే షెడ్డులో ఇంకో తీరు. బోరు నీళ్ళలో సున్నం ఎక్కువుంటే కెమికల్‌లో కొంత భాగం ఆ సున్నంతో పోరాడటానికే ఖర్చవుతుంది. జాబ్ ఆరాక తెల్లమచ్చలు పడతాయి. నీళ్ళలో కరిగిన లవణాలు ఎన్నున్నాయో చూపే టీడీఎస్ పెన్ను చవకే, ఒకటి కొని పెట్టుకోండి. పెన్ను చూపే అంకె కడిగే తొట్టికి 200 లోపు, చివరి కడుగుడుకు 10 లోపు ఉంటే మంచిది. ఆర్‌ఓ నీళ్ళు మొదటిదానికి సరిపోతాయి. చివరిదానికి లవణాలు తీసేసిన డీమినరలైజ్డ్ నీళ్ళే కావాలి. ఆర్‌ఓతోనే సరిపెట్టాల్సి వస్తే 50 దాటనివ్వకండి, ఆరబెట్టేటప్పుడు గాలి ఎక్కువ కొట్టండి.

కెమికల్ ఎంచుకునేది లోహాన్ని బట్టి, ఆ తర్వాత మురికిని బట్టి. ఈ వరుస తిరగబడితేనే అల్యూమినియం నల్లబడుతుంది.

స్టెయిన్‌లెస్‌కు మధ్యస్థ క్షారం, పీహెచ్ 10–11, 2 శాతం. వద్దనాల్సింది క్లోరైడే: ఉప్పు, బ్లీచింగ్, హైడ్రోక్లోరిక్ యాసిడ్ ఉన్న టాయిలెట్ క్లీనర్ ఏదీ దగ్గరికి రానివ్వకండి. జాబ్‌కే కాదు, స్టెయిన్‌లెస్ తొట్టికీ అవి గుంటలు పెడతాయి.

అల్యూమినియానికి పీహెచ్ 7–9 మధ్య, లోహం కరగకుండా ఆపే ఇన్‌హిబిటర్ ఉన్న కెమికల్, 45–50 డిగ్రీలు, 2–3 నిమిషాలు. కాస్టిక్ ఉన్న డీగ్రీజర్‌లో వేస్తే తలం నుంచి హైడ్రోజన్ బుడగలు లేస్తాయి. "బాగా కడుగుతోంది" అనుకునే ఆ నురగ నిజానికి మీ లోహం కరిగిపోవడం.

ఇత్తడికి తేలికపాటి క్షారం. మెరుపు కోసం 3–5 శాతం సిట్రిక్ యాసిడ్, రెండు నిమిషాలు మించకుండా. అమ్మోనియా ఉన్న కెమికల్ వేగంగా మెరిపిస్తుంది గానీ, లోపల బిగువు మిగిలి ఉన్న ఇత్తడి జాబ్ దానివల్ల తర్వాతెప్పుడో పగులుతుంది. అమ్మి పంపేశాక పగిలే జాబ్ కన్నా మెరుపు తగ్గిన జాబ్ నయం.

మైల్డ్ స్టీల్‌కు క్షారం, తుప్పు నిరోధకం తప్పనిసరి. యాసిడ్‌లో వేస్తే బయటికి తీసిన నిమిషాల్లోనే నారింజ రంగు పొర వస్తుంది.

మురికి విషయానికొస్తే, నీళ్ళలో కలిసే కూలెంట్ తేలిగ్గా వస్తుంది. నీళ్ళు కలపకుండా వాడే నీట్ కటింగ్ ఆయిల్ కాస్త మొండిది, 55–60 డిగ్రీలు కావాలి. అన్నిటికన్నా పెంకిది పాలిష్ పట్టేటప్పుడు రాసే మైనపు బఫింగ్ సబ్బు. మైనం కరిగే వేడి ఉండాలి, 65–70 డిగ్రీలు. అది కూడా బఫింగ్ అయిన రోజే కడగాలి. వారం ఆరనిచ్చిన బఫింగ్ సబ్బు మూలల్లో రాయైపోతుంది. వేడి తొట్టి నుంచి తీసి నేరుగా చన్నీళ్ళలో ముంచితే మైనం మళ్ళీ అక్కడే గడ్డకడుతుంది, కాబట్టి మొదటి కడుగుడు నీళ్ళు కూడా గోరువెచ్చగా ఉండాలి.

వేడి పెంచినకొద్దీ లాభమే అనుకోకండి. సుమారు 70 డిగ్రీలు దాటాక బుడగల్లోకి ఆవిరి ఎక్కువ చేరి, కూలేటప్పుడు అది పరుపులా అడ్డుపడుతుంది. దెబ్బ మెత్తబడుతుంది.

పెట్రోలు, థిన్నర్, అసిటోన్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, కిరోసిన్, వీటిని ఎట్టి పరిస్థితుల్లోనూ తొట్టిలో పోయకూడదు. ట్రాన్స్‌డ్యూసర్లు వాటంతట అవే ద్రవాన్ని వేడెక్కిస్తాయి, ఆవిరి తొట్టి కిందికి దిగుతుంది, అక్కడ కరెంటు బోర్డు ఉంది. ఇది ఊహాత్మక ప్రమాదం కాదు, నిప్పు అంటుకోవడానికి కావల్సినవన్నీ ఒకేచోట పేర్చినట్టే.

కొద్ది జాబ్‌ల కోసం తొట్టి నిండా ఖరీదైన కెమికల్ పోయడం దండగ. గాజు బీకరులో కెమికల్, జాబ్‌లు వేసి, దాన్ని తొట్టి నీళ్ళలో వేలాడదీయండి. అడుగు తాకకూడదు, లోపలి ద్రవం, బయటి నీళ్ళు ఒకే మట్టంలో ఉండాలి. ప్లాస్టిక్ డబ్బా కంపనాన్ని తాగేస్తుంది, గాజే వాడండి. ఇత్తడి ఒక బీకరు, అల్యూమినియం ఒక బీకరు అని పక్కపక్కనే పెట్టుకునే సౌలభ్యం కూడా ఉంది.

ఫాయిల్ పరీక్ష

వారానికోసారి, లేదా పని సరిగ్గా రావట్లేదని అనుమానం వచ్చినప్పుడు చేయాలి. వంటింటి అల్యూమినియం ఫాయిల్‌లో పలుచని రకం తీసుకోండి. తొట్టి లోతుకు, వెడల్పుకు సరిపడా మూడు ముక్కలు కత్తిరించండి. గాలి తీసేసిన నీళ్ళలో రెండు చుక్కల సబ్బు వేసి, ముక్కల్ని తొట్టి ఎడమన, మధ్యన, కుడిన నిలువుగా వేలాడదీయండి. అడుగుకు రెండు సెంటీమీటర్ల పైన ఉండాలి. 40 కిలోహెర్ట్జ్‌లో 30 నుంచి 60 సెకన్లు నడిపి తీయండి.

తీసిన ఫాయిల్‌ని ట్యూబ్‌లైటుకు ఎదురుగా పట్టుకుంటే తొట్టి గుట్టు మొత్తం కనిపిస్తుంది. ఆరోగ్యంగా ఉన్న తొట్టి ఫాయిల్‌ని అంతటా సమానంగా సొట్టలు పెట్టి, అక్కడక్కడ చిల్లులు పొడుస్తుంది. స్వీప్ లేని తొట్టి అయితే చిల్లులు అడ్డ చారలుగా వస్తాయి. చారకూ చారకూ మధ్య 18–19 మిల్లీమీటర్లు. నీటిలో 40 కిలోహెర్ట్జ్ తరంగానికి సగం పొడవు అంతే. మూడింటిలో ఒక ముక్క మాత్రం నలగకుండా వస్తే ఆ వైపు ట్రాన్స్‌డ్యూసర్ ఊడిందో, చచ్చిందో. ముక్కల మీద తేదీ రాసి నోటుపుస్తకంలో అంటించుకోండి. ఆర్నెల్ల ఫాయిళ్ళు వరసగా చూస్తే తొట్టి నీరసపడటం కంటికే తెలుస్తుంది.

పరీక్ష అయ్యాక నీళ్ళు పారబోయడం మరవకండి. ఫాయిల్ నుంచి రాలిన రజను నీళ్ళలోనే ఉంటుంది, తర్వాత వేసే జాబ్ రంధ్రంలోకి చేరేది అదే. 100 కిలోహెర్ట్జ్ పైన నడిచే తొట్టిలో ఫాయిల్‌కు చిల్లులు పడకపోవచ్చు, అది లోపం కాదు. అలాంటి తొట్టికి గరుకు గాజు స్లైడ్ మీద హెచ్‌బీ పెన్సిల్‌తో అడ్డగీతలు గీసి ముంచండి. గీతలు ఎంతసేపట్లో లేచిపోయాయో రాసుకుని తర్వాతి నెలతో పోల్చండి.

కడిగే క్రమం

1. ముందు కడుగుడు. కంటికి కనిపించే చిప్స్, కారుతున్న ఆయిల్ తొట్టిలోకి పోకూడదు. 1 శాతం సబ్బు కలిపిన 40 డిగ్రీల నీళ్ళ బకెట్లో ముంచి జాడించండి. మర లోపలి నుంచి సిరంజితో నీళ్ళు కొట్టండి. ఈ రెండు నిమిషాల పని తొట్టి కెమికల్‌ను ఎక్కువ రోజులు బతికిస్తుంది.

2. తొట్టి నింపడం. గీత వరకు, గీత లేకపోతే అంచుకు మూడు సెంటీమీటర్ల కింద వరకు. తక్కువ నీళ్ళతో నడిపితే ట్రాన్స్‌డ్యూసర్ల వేడి పోయే దారి ఉండదు, ఎపాక్సీ ఊడుతుంది. 3 లీటర్ల తొట్టిలో 2.5 లీటర్ల నీళ్ళు పడితే, 2 శాతానికి కెమికల్ 50 మిల్లీలీటర్లు. కొలగ్లాసుతో పోయండి, మూతతో ఉజ్జాయింపుగా కాదు. కెమికల్ ఎక్కువైతే కడుగుడు నీళ్ళతో వదలదు, పని పెరుగుతుంది.

3. గాలి తీయడం. ఎక్కువమంది దాటేసే మెట్టు ఇదే. తాజా నీళ్ళలో కరిగి ఉన్న గాలి ప్రతి బుడగలోకీ చేరి దాని కూలే దెబ్బను మింగేస్తుంది. హీటరు వేసి, జాబ్‌లు వేయకుండా 15 నిమిషాలు నడపండి, డీగ్యాస్ బటన్ ఉంటే అది నొక్కండి. మొదట సోడాలోలా చిన్న బుడగలు పైకి లేస్తాయి, చప్పుడు బొంగురుగా ఉంటుంది. గాలి పోయేకొద్దీ బుడగలు తగ్గి, చప్పుడు కాలిన పెనం మీద నీళ్ళు చిలకరించినట్టు పదునుగా మారుతుంది. ఆ మార్పు చెవికి అలవాటైతే గడియారం చూడక్కర్లేదు. ఉదయం గాలి తీసిన నీళ్ళకు సాయంత్రం వరకు మళ్ళీ అక్కర్లేదు. మధ్యలో తాజా నీళ్ళు కలిపితే మాత్రం ఐదు నిమిషాలు నడపాలి.

4. బుట్ట సర్దడం. స్టెయిన్‌లెస్ తీగ బుట్ట, కన్ను 6 మి.మీ. లేదా అంతకన్నా పెద్దది. సన్న జాలీ కంపనాన్ని అడ్డుకుంటుంది. జాబ్ దానిలోంచి జారిపోయేంత చిన్నదైతే బీకరే దారి. జాబ్‌ని తొట్టి అడుగున నేరుగా ఎప్పుడూ వేయకండి. అడుగు రేకు కొట్టుకునే చోట జాబ్ కూర్చుంటే రేకుకూ గీత, జాబ్‌కూ గీత. నాజిళ్ళు ఒకదానికొకటి తగలకుండా ఒకే వరసగా నిలబెట్టండి. సెకనుకు 40 వేలసార్లు పక్కవాడితో రాసుకుంటే పాలిష్ మిగలదు. బాగా సున్నితమైనవైతే నైలాన్ దారానికి గుచ్చి వేలాడదీయండి.

5. ముంచడం. నేరుగా దించితే అవతలికి తెరుచుకోని గుడ్డి రంధ్రాల్లో గాలి ఇరుక్కుంటుంది. గాలి ఉన్నచోటికి నీళ్ళు రావు, నీళ్ళు లేనిచోట బుడగ లేదు, ఎన్ని నిమిషాలు నడిపినా ఆ రంధ్రం అలాగే మురికిగా ఉంటుంది. రంధ్రం మూతి పైకి ఉండేలా బుట్టను వాలుగా దించి, రెండుమూడుసార్లు పైకీ కిందికీ ఆడించండి. చివరి గాలి బుడగ వచ్చేదాకా చూడండి. 0.4 మి.మీ. రంధ్రంలోకి వట్టి నీళ్ళు వెళ్ళడానికి మొరాయిస్తాయి, కెమికల్ తలతన్యతను తగ్గిస్తుంది కాబట్టి దూరుతాయి.

6. నడపడం. 55 డిగ్రీలు, 70 శాతం పవర్, 3 నిమిషాలు. ఆపి, బుట్ట పైకెత్తి నీళ్ళు ఓడ్చి, నాజిళ్ళను తలకిందులు చేసి మళ్ళీ 3 నిమిషాలు. మొదటి విడత మురికిని లేపుతుంది, తిరగేయడం వల్ల రజను బయటికి జారుతుంది. ఒకే ఎత్తున ఆరు నిమిషాలు ఉంచడం కన్నా ఇది ఎప్పుడూ మెరుగు. 6 నిమిషాల్లో రాని మురికి 20 నిమిషాల్లోనూ రాదు. కెమికల్ మార్చాలి, లేదా వేడి మార్చాలి.

7. పైకి తీయడం. నీటి మీద ఆయిల్ పొర తేలుతుంటే ముందు టిష్యూ కాగితంతో లాగేయండి. ఆ పొరలోంచి జాబ్‌ని పైకి తీస్తే ఇంతసేపూ పోగొట్టిన జిడ్డును ఆఖరి క్షణంలో తిరిగి పూసినట్టే.

8. కడుగుడు. ఆరకముందే. గోరువెచ్చని ఆర్‌ఓ నీళ్ళ ధార కింద 30 సెకన్లు, సిరంజితో రంధ్రం లోపల రెండు పిచికారీలు. తర్వాత డీమినరలైజ్డ్ నీళ్ళున్న ఇంకో తొట్టిలో 50 డిగ్రీల దగ్గర ఒక నిమిషం అల్ట్రాసోనిక్. రెండో తొట్టి లేకపోతే బీకరు చాలు.

9. ఆరబెట్టడం. ఆయిల్, తేమ ఫిల్టర్లు ఉన్న కంప్రెసర్ గాలి, 2 బార్ మించకుండా, రంధ్రం లోపలి నుంచి బయటికి. ఫిల్టరు లేని గాలి అంటే కంప్రెసర్ ఆయిల్‌ని స్ప్రే చేయడమే. తెల్ల కాగితం మీద పది సెకన్లు గాలి కొట్టి చూస్తే తెలిసిపోతుంది. తర్వాత 70 డిగ్రీల ఓవెన్‌లో 20 నిమిషాలు. పీసీబీలకు 60–70 డిగ్రీల్లో గంట నుంచి రెండు గంటలు, కనెక్టర్ల కింద నీళ్ళు దాక్కుంటాయి. మైల్డ్ స్టీల్ జాబ్‌లను ఓవెన్ దాకా ఆపకండి, గాలి కొట్టిన వెంటనే నీళ్ళను తోసేసే రస్ట్ ప్రివెంటివ్‌లో ముంచండి.

ఇక్కడి నుంచి ఒట్టి చేతులతో ముట్టుకోకూడదు. నైట్రైల్ గ్లవ్స్, అవీ పొడి పూయనివి. అంత కష్టపడి కడిగాక చెమట వేలిముద్రతో మళ్ళీ మొదటికి తేవడం చాలా షెడ్లలో రోజూ జరిగేదే.

శుభ్రం అయిందని ఎలా తెలుసు

కంటికి నచ్చడం ప్రమాణం కాదు. తేలికైనది నీటి పొర పరీక్ష: కడిగిన జాబ్‌ని డీమినరలైజ్డ్ నీళ్ళలో ముంచి తీసి నిలబెట్టండి. పొర అరనిమిషం పాటు చెదరకుండా నిలిస్తే జిడ్డు లేదు. తామరాకు మీద నీళ్ళలా ముత్యాలు కడితే జిడ్డు ఉంది. ఒక మెలిక: కెమికల్ సరిగ్గా కడగకపోయినా పొర చక్కగా పరుచుకుంటుంది, ఎందుకంటే అది సబ్బే. కాబట్టి కడుగుడు నీళ్ళ టీడీఎస్ కూడా చూడాలి. జాబ్ జాడించిన నీళ్ళకూ, జాడించని నీళ్ళకూ తేడా 5 దాటితే మళ్ళీ కడగండి.

చాలా ఖనిజ నూనెలు యూవీ టార్చి కింద నీలంగా మెరుస్తాయి, చీకటి మూలలో ఒకసారి తిప్పి చూడండి. నాజిల్ రంధ్రానికి 10 రెట్లు పెద్దది చేసే లూప్, వెనక నుంచి వెలుతురు. అంచు గుండ్రంగా, నల్లగా, పూర్తిగా కనిపించాలి. అంచున ఇంకా బర్ ఉంటే అది తొట్టి పని కాదు. అల్ట్రాసోనిక్ వదులుగా ఉన్న ముక్కల్ని రాలుస్తుంది గానీ లోహంతో అతుక్కుని ఉన్న బర్‌ని కోయదు, డీబర్రింగ్ మళ్ళీ చేయాల్సిందే. వాహన భాగాల కస్టమరైతే ఐఎస్‌ఓ 16232 ప్రకారం రజను లెక్క అడగవచ్చు. జాబ్‌ని కడిగిన నీళ్ళను మెంబ్రేన్ ఫిల్టరులో వడగట్టి, ఆరబెట్టి, మైక్రోస్కోపు కింద కణాల సైజు, సంఖ్య చూస్తారు. దానికి లేబొరేటరీ కావాలి. రోజువారీ అదుపుకు అదే ఫిల్టర్ కాగితం తూకం చాలు.

తేడా వచ్చినప్పుడు

పాలిష్ చేసిన తలం మీద మంచు పట్టినట్టు మసక, లూప్‌లో చూస్తే సన్న గుంటలు: బుడగ దెబ్బ. ముందు సమయం సగం చేయండి, తర్వాత పవర్ తగ్గించండి, అప్పటికీ వస్తే ఫ్రీక్వెన్సీ పెరగాలి. పోయిన పాలిష్ మాత్రం తిరిగి రాదు, కాబట్టి కొత్త రకం జాబ్ ఏదైనా మొదట ఒక్కటే వేసి చూడాలి.

ఇత్తడి మీద గోధుమ మచ్చలు వస్తే ఆరబెట్టడం ఆలస్యమైంది. స్టీల్ జాబ్ ఎర్రటి రాగి రంగుకు తిరిగితే అంతకుముందు ఆ యాసిడ్‌లోనే ఇత్తడి కడిగారన్నమాట. కరిగిన రాగి స్టీల్ మీద పేరుకుంటుంది. ఒక బాత్‌లో, అంటే ఒకసారి కలిపిన కెమికల్ నీళ్ళలో, ఒక లోహమే.

నిన్న బాగా పనిచేసి ఇవాళ చేయకపోతే వరసగా చూడండి: నీళ్ళు మార్చారా, గాలి తీశారా, వేడి ఉందా, బుట్టలో సరుకు ఎక్కువైందా. జాబ్‌ల ఘనపరిమాణం నీళ్ళలో సగం కూడా ఉండకూడదు. సున్నితమైన వాటికి పావు వంతే ఎక్కువ. ఇవన్నీ సరే అంటే అప్పుడు ఫాయిల్.

తొట్టి బాగోగులు

కెమికల్ బాత్ రంగు చూసి కాదు, పని చూసి మార్చాలి. పీహెచ్ కాగితం కొత్త బాత్‌లో చూపిన అంకె కన్నా ఒకటి పడిపోతే, లేదా అదే జాబ్‌కు సమయం పెంచాల్సి వస్తే పారబోయండి. పారబోయడమంటే మోరీలోకి కాదు. పాత బాత్‌లో ఆయిల్ ఉంటుంది, ఇత్తడి కడిగితే రాగి, జింకు, తేలిగ్గా కోతకు వచ్చే ఫ్రీ కటింగ్ రకమైతే సీసం కూడా ఉంటాయి. డ్రమ్ములో పోసి, కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉన్న వ్యర్థాల సంస్థకు ఇవ్వాలి.

తొట్టి నడుస్తుండగా చెయ్యి లోపల పెట్టకండి, జారిపడిన జాబ్ కోసమైనా సరే. కంపనం చర్మం దాటి ఎముక దాకా పోతుంది. మూత వేసి నడపండి. 40 కిలోహెర్ట్జ్ చెవికి వినబడకపోయినా దానితో పాటు పుట్టే 20 కిలోహెర్ట్జ్ చుట్టుపక్కల రొద వినబడుతుంది, రోజంతా పక్కన కూర్చునే మనిషికి ఇయర్‌ప్లగ్‌లు కావాలి. ఎర్తింగ్ సరిగ్గా ఉండాలి, కరెంటు లీకైతే సరఫరా తెంచేసే 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ మీద నడపాలి.

రోజు చివర స్విచ్ తీసి ప్లగ్ పీకి, తొట్టి చల్లారాక వాల్వు తెరిచి ఖాళీ చేయండి, వంచి పోస్తే నీళ్ళు వెనక బోర్డులోకి పోతాయి. అడుగున మిగిలిన రజనును మెత్తటి గుడ్డతో తుడవండి, స్టీలు పీచు వద్దు. రజను అడుగున ఉండిపోతే కంపనానికి అది సానరాయిలా రేకును అరగదీస్తుంది. తుడిచేటప్పుడు అడుగు రేకు మీద వేలు నిదానంగా పోనివ్వండి. ట్రాన్స్‌డ్యూసర్ ఉన్న చోట గుండ్రంగా, బూడిద రంగులో, గరుకుగా తగిలితే అరుగుదల మొదలైంది. గోరు గుచ్చుకునేంత లోతు గుంట తగిలిన రోజు ఆ తొట్టికి ప్లగ్ మళ్ళీ పెట్టకండి. రేకుకు చిల్లు పడితే నీళ్ళు పడేది వందల వోల్టులు నడిచే ట్రాన్స్‌డ్యూసర్ల మీదే.